నూటికి ముప్పై ఏడుగురు

ఆష్‌బర్న్, టెనెసీ
సెప్టెంబర్ 15, 1997

ఎర్లీన్ అక్కకు,

శనివారం ఆట నువ్వు రేడియోలో విన్నావని నాకు తెలుసు. నిన్న పొద్దున్నే ఫోన్ చేసి, నేను ఎత్తగానే "నలభై ఐదు, ఏడు" అని మాత్రం చెప్పి పెట్టేసింది ఎవరో కూడా తెలుసు. అరవై మూడేళ్ళ మనిషివి. ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషివి. కాస్తయినా బుద్ధి ఉండక్కర్లా?

సరే, ఒప్పుకుంటున్నాను. మీ కాన్సస్ స్టేట్ కాలేజీ కుర్రాళ్ళు మా ఆష్‌బర్న్ వాళ్ళని తొక్కి పారేశారు. కానీ కాలేజీ అంటే ఫుట్‌బాల్ ఒక్కటేనా? పొద్దున ఆఫీసుకి రాగానే కాఫీ కూడా తాగకుండా కూచుని ఒక పట్టీ వేశాను. పందొమ్మిదేళ్ళుగా అడ్మిషన్ల ఆఫీసులో ఉన్నందుకు ఆ మాత్రం ఉపయోగం ఉండాలి కదా. మా కాలేజీ ఆటలాడే కూటమి, కంబర్లాండ్ కాన్ఫరెన్స్‌లో పది కాలేజీలు. మీ ప్రెయిరీ కాన్ఫరెన్స్‌లోనూ పదే. దరఖాస్తు పెట్టిన ప్రతి నూరుమందిలో మా వాళ్ళు సగటున యాభై నాలుగు మందిని తీసుకుంటున్నారు. మీ వాళ్ళు ఎనభై మూడు మందిని! మీ స్టేట్ కాలేజీ అయితే తొంభై ఆరు. ఆ మిగిలిన నలుగురూ కవరు మీద చిరునామా తప్పు రాసి ఉంటారు. అది కాలేజీ కాదక్కా, తలుపుల్లేని పశువుల కొట్టం.

మాది కిందటేడు అరవై రెండు. కొత్తగా వచ్చిన డైరెక్టర్ లాడ్ గారు దాన్ని కాన్ఫరెన్స్ అంతట్లోకీ కిందికి దించుతానని పట్టుమీద ఉన్నారు. అప్పుడు చూద్దాం ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో.

నీ మరదలు నోలాకి జలుబు చేసి ఈ వారం చర్చిలో పాడలేదు. నీ మోకాలు ఎలా ఉంది?

ఓడినా తల దించని
నీ తమ్ముడు వెండెల్


లిండ్‌హోమ్, కాన్సస్
సెప్టెంబర్ 24, 1997

వెండెల్,

నీ పట్టీ అందింది. ఎర్ర సిరా పెన్ను కోసం ఇల్లంతా వెతికించావు.

పది కాలేజీల శాతాలూ కూడి పదితో భాగించావు. ఎనిమిది వందల మంది దరఖాస్తు పెట్టే కాలేజీనీ, ఇరవై వేల మంది పెట్టేదాన్నీ ఒకే తూకంలో వేశావు. ఇదే తప్పు నా తొమ్మిదో తరగతి పిల్లలు చేస్తే పెద్ద సున్నా చుట్టి, వాళ్ళమ్మ చేత సంతకం పెట్టించుకు రమ్మనేదాన్ని. నీకు అమ్మ లేదు కాబట్టి బతికిపోయావు.

ఇక ఆ పశువుల కొట్టం మాట. ఈ రాష్ట్రంలో హైస్కూలు పాసైన ఏ పిల్లనైనా మా స్టేట్ కాలేజీ చేర్చుకు తీరాలని చట్టం. ఆ చట్టమే లేకపోతే, గోధుమ రైతు కొడుకువి, లెక్కల్లో నా నోట్సు చూసి రాసి గట్టెక్కినవాడివి, నీకు చదువెక్కడిది? నువ్వు నడిచొచ్చిన తలుపు అది. దాన్ని చూసి నవ్వడానికి నీకు నోరెలా వచ్చింది? ఎంతమందిని వెళ్ళగొట్టారో లెక్కేసుకుని మురిసిపోయే బడిని నేనెక్కడా చూడలేదు. లోపలికి వచ్చినవాళ్ళకి ఏం నేర్పారో అది చెప్పు, వింటాను.

ఇంకో సంగతి. మా డార్లా కూతురు జనెల్ ఈ ఏడాది హైస్కూలు ముగిస్తోంది. ప్రవేశ పరీక్షలో ముప్పై ఆరుకి ఇరవై అయిదు వచ్చాయి. కిందటి వారం దానికి మీ కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది, కింద నీ సంతకం. "ప్రియమైన జనెల్, మా దృష్టి నీ మీద పడింది. నీలాంటివారికి ఆష్‌బర్న్‌లో చోటుంది. దరఖాస్తుకి రుసుము అక్కర్లేదు" అని. పిల్ల దాన్ని మంచం పక్కన గోడకి అంటించుకుంది. "వెండెల్ తాత నన్ను మర్చిపోలేదమ్మమ్మా!" అంటోంది. నాకు ముందే ఒక మాట చెప్పి ఉండాల్సింది. కానీ బాగానే చేశావు.

వర్షాలు లేవు. మోకాలు నాకంటే ముందే ముసలిదైంది.

ఎర్లీన్


నాష్‌విల్ బస్ స్టేషన్ పక్క హోటల్ నుంచి
అక్టోబర్ 19, 1997

అక్కా,

ఊళ్ళు తిరుగుతూ రాస్తున్నాను. రోజుకి నాలుగు హైస్కూళ్ళు, నాలుగు చోట్లా అవే మాటలు. గొంతు పోయింది.

నీ ఎర్ర సిరా చూసి నోలా గంటసేపు నవ్వింది. దరఖాస్తుల సంఖ్యని బట్టి మళ్ళీ లెక్కేశాను. మాది యాభై ఏడు, మీది ఎనభై ఎనిమిది. నీ పద్ధతిలో మీరు ఇంకా దిగజారారు. థాంక్స్.

జనెల్‌కి మా ఉత్తరం అందినందుకు సంతోషం. పంపమను, చూస్తాను.

బస్సు వచ్చింది.

వెండెల్


లిండ్‌హోమ్
డిసెంబర్ 4, 1997

తమ్ముడూ,

జనెల్ దరఖాస్తు నిన్న పోస్టులో వేశాం. పోస్టాఫీసు ఆవిడ దగ్గర నేనే నిలబడి ముద్ర వేయించాను. వ్యాసం అది స్వయంగా రాసుకుంది. చుట్టుపక్కల నలభై పొలాల్లో బావి నీళ్ళు సీసాల్లో పట్టి, ఎరువు మందు ఎంత దిగిందో పరీక్ష చేసింది కదా, దాని గురించి. పదకొండు బావుల్లో నీళ్ళు పసిపిల్లలకి పట్టకూడదని తేలింది. అందులో ఒకటి వాళ్ళ నాన్నది. "ఆ మాట కూడా రాయనా?" అని అడిగింది. రాయమన్నాను.

చెప్పక తప్పదు, చర్చి విందులో నేను కొంచెం ఎక్కువగానే మాట్లాడాను. ఆ మిల్డ్రెడ్ ఓపెల్ తన మనవడు చికాగోలో చదువుతున్నాడని పదేళ్ళుగా నా చెవులకి చిల్లులు పొడుస్తోంది. పంది మాంసం ముక్కలు వడ్డిస్తూ, "మా జనెల్ ఆష్‌బర్న్‌కి వెళుతోంది, అక్కడ చోటు దొరకడం కష్టమట" అన్నాను. దాని చేతిలో గరిట ఆగిపోయింది. ఇన్నాళ్ళకి.

మా స్టేట్ కాలేజీ స్కాలర్‌షిప్ ఫారం మొన్న ఒకటో తారీకుకి పంపాల్సింది. డార్లా నింపి పెట్టింది. నేనే వద్దన్నాను. నువ్వు చూస్తానన్నాక ఇంకా రెండు చోట్ల చేయి చాపడం దేనికి?

నోలాకి నా ముద్దులు. పీచ్ పచ్చడి రెండు సీసాలు పంపుతున్నాను, పగిలితే పోస్టు వాళ్ళని తిట్టు.

ఎర్లీన్


ఆష్‌బర్న్
జనవరి 9, 1998

అక్కా,

కూర్చో. చెబుతున్నాను.

కిందటేడు మాకు తొమ్మిది వేల దరఖాస్తులు. ఈ ఏడాది పదిహేను వేల రెండు వందలు! గదుల్లో చోటు చాలక వరండాలో పెట్టెలు పేర్చాం. సీట్లు అన్నే కాబట్టి మా శాతం నూటికి ముప్పై ఏడుకి దిగుతుంది. మా కాన్ఫరెన్స్‌లో మేమే కింద. మీ ప్రెయిరీ వాళ్ళలో ఎవరూ మా దరిదాపుల్లో లేరు. ఏప్రిల్‌లో రెండు కాన్ఫరెన్సుల అడ్మిషన్ల వాళ్ళం కలిసే సభలో ఈ పట్టీ నన్నే చదవమన్నారు లాడ్ గారు. ఇప్పుడు ఫోన్ చేసి అంకెలు చెప్పి పెట్టెయ్యనా?

జనెల్ కాగితాలు వచ్చాయి. వేరేవాళ్ళ బల్ల మీద పెట్టించాను. నా దగ్గర ఉంచుకుంటే బాగుండదు కదా.

పచ్చడి ఒక సీసా బతికింది.

వెండెల్


లిండ్‌హోమ్
మార్చి 27, 1998

వెండెల్ హాక్ గారికి,

మీ కార్యాలయం నుంచి మా మనవరాలికి వచ్చిన ఉత్తరం ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. "ప్రియమైన అభ్యర్థీ" అట! సెప్టెంబర్లో పేరు తెలిసింది, మార్చికి మర్చిపోయారు. "ఎంతో ప్రతిభావంతులైన అభ్యర్థుల మధ్య మీకు చోటివ్వలేకపోతున్నందుకు విచారిస్తున్నాం." కింద అదే సంతకం. గోడ మీది దాన్ని తీసి పక్కన పెట్టి చూశాను. రెంటిలోనూ ఆఖరి అక్షరం తోక ఒక్కలాగే వంకర తిరిగింది. చేత్తో పెట్టినవి కావని అప్పుడు తెలిసింది నాకు.

చూస్తానన్నావు. నీ చేత్తో రాశావు, ఇక్కడే ఉంది. వేరే బల్ల మీద పెట్టించానంటే, ఎవరూ వేలెత్తి చూపకుండా గుట్టుగా పని జరుపుతున్నావనుకున్నాను. నా బుద్ధికి చెప్పు తెచ్చుకు కొట్టుకోవాలి.

పిల్ల ఏడవలేదు. ఏడిస్తే నేను కాస్త ఊపిరి తీసుకునేదాన్ని. బండి తీసుకుని ఆ పదకొండు బావుల్లో ఒకదాని దగ్గరికి పోయి నీళ్ళు పట్టుకొచ్చి పరీక్ష మొదలెట్టింది. డార్లా నాతో మాట్లాడటం లేదు.

రానివ్వని ఇంటికి పిలిచిందెందుకు? అది మీ గడప తొక్కుతానని అడిగిందా? దాని మానాన అది ఉంటే, దాన్ని పేరు పెట్టి పిలిచి, వచ్చాక మొహం మీద తలుపేశారే! ఏ జన్మలో చూశాం ఇలాంటి మర్యాద?

జవాబు రాయండి. సంతకం మాత్రం చేత్తో పెట్టండి.

ఎర్లీన్ స్ట్రూబ్


ఆష్‌బర్న్
ఏప్రిల్ 8, 1998

అక్కా,

నీ ఉత్తరానికి రెండు జవాబులు రాశాను. మొదటిది చించేశాను. అందులో, "చూస్తానన్నాను గానీ చూసుకుంటానన్నానా?" అని రాశాను. బంధువుల కాగితాలు ముట్టుకోకూడదని మా నియమం, అందుకే వేరే బల్ల మీదికి పంపానని రాశాను. స్కాలర్‌షిప్ ఫారం ఆపమని నేను చెప్పలేదనీ రాశాను. అవన్నీ నిజాలే. నోలా చదివి, "ఇది మీ అక్కకి రాసిన ఉత్తరమా, మీ వకీలుకి రాసిందా?" అంది.

ఇది రెండోది.

ఆ పిలుపులు ఎవరెవరికి వెళ్ళాలో జాబితా తయారు చేసింది నేనే. పరీక్ష నడిపే వాళ్ళ దగ్గర పేర్లు కొన్నాం. దూర రాష్ట్రాల నుంచి ఇరవై ఏడుకి తక్కువ వచ్చినవాళ్ళని మేం తీసుకోం, అది ఎప్పటినుంచో ఉన్న గీత. ఆ గీతకి కింద ఉన్నవాళ్ళకి కూడా ఉత్తరాలు పంపమన్నారు లాడ్ గారు. ఎందుకని నేను అడగలేదు. నాకు తెలుసు కాబట్టి అడగలేదు. జాబితాలో జనెల్ పేరు ఉందని మాత్రం నీ సెప్టెంబర్ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. తెలిశాక కూడా, బస్సు వస్తోందని తొందర్లో ఆ ఒక్క ముక్క రాసి పడేశాను.

నీ ఉత్తరం చదివాక పెట్టెలు దింపించి లెక్క తీశాను. ఆ గీతకి కింద ఉండి, మా పిలుపు అందుకుని దరఖాస్తు పెట్టినవాళ్ళు నాలుగు వేల నూట పన్నెండు మంది. అందులో చేర్చుకున్నది తొమ్మిది మందిని. ఆ తొమ్మిదిమందీ ఫుట్‌బాల్ వాళ్ళు.

ఆ కాగితం పట్టుకుని లాడ్ గారి గదికి వెళ్ళాను.

"వెండెల్ గారూ, ఇందులో కొత్తేముంది?" అన్నారు ఆయన. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న.

"వీళ్ళకి చోటు లేదని మనకి ముందే తెలుసు కదండీ."

"తలుపు కొట్టేవాళ్ళు పెరిగితేనే కదండీ శాతం దిగేది. రుసుము కూడా తీసుకోలేదు. వాళ్ళకి పోయిందేముంది?"

"మా అక్క మనవరాలు ఉందండి అందులో."

"అయ్యో," అన్నారు. నిజంగానే బాధపడ్డారు. "ముందే చెబితే జాబితాలోంచి ఆ పేరు తీసేసేవాళ్ళం కదా!"

ఆ మాట దగ్గర నాకు ఒళ్ళు మండిపోయిందక్కా. ఆ ఒక్క పేరూ తీసేస్తే అంతా సవ్యంగా ఉన్నట్టేనట. ఇంకా మండింది ఎందుకంటే, సెప్టెంబర్లో నువ్వు రాసినప్పుడు నాకూ అంతకు మించి తోచి ఉండేది కాదు.

వెండెల్ (చేత్తోనే)


లిండ్‌హోమ్
ఏప్రిల్ 20, 1998

వెండెల్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం తగ్గలేదు. ఇన్నాళ్ళూ నీ మీద ఒక్కడి మీదే ఉండేది, ఇప్పుడు పంచాల్సి వస్తోంది.

నిన్న భోజనాల దగ్గర నీ ఉత్తరం జనెల్ ముందు పెట్టాను. చదివింది. నేను ఊరుకోలేక, "చూశావా, ఎంత ద్రోహం చేశారో మీ తాత వాళ్ళు!" అన్నాను.

"వాళ్ళు చేశారు, నిజమే. నువ్వో?" అంది.

"నేనేం చేశానే?"

"నా ఫారం ఎవరు ఆపారమ్మమ్మా? నాకు ఆష్‌బర్న్ కావాలని నేనెప్పుడన్నా అన్నానా? ఉత్తరం వచ్చింది, మురిసిపోయాను. అంతే. మిల్డ్రెడ్ ఓపెల్ దగ్గర చెప్పుకోడానికి నీకు కావాలి. అందరినీ చేర్చుకునే కాలేజీ గొప్పదని తాతకి ఎర్ర సిరాతో పాఠం రాశావే, మరి అదే కాలేజీకి నన్ను పంపడం నీకెందుకు నామోషీ అయింది?"

డార్లా వంటింట్లోంచి వింటూ గిన్నెలు కడగడం ఆపేసింది. ముప్పై ఏళ్ళు తప్పొప్పులు దిద్దినదాన్ని. నలుగురు తోసుకుంటే తప్ప దొరకనిదే మంచిదని నా బుర్రలోనూ ఉంది. నిన్ను అన్న మాటలన్నీ నా నోటితో నేను అనుకోవాల్సినవే.

ఇవాళ పొద్దున అది తొంభై మైళ్ళు ఒక్కతే బండి నడుపుకుంటూ స్టేట్ కాలేజీకి వెళ్ళింది. చోటు ఎటూ ఉంటుంది, చట్టం ఉంది కాబట్టి. స్కాలర్‌షిప్ ఆవిడ, "గడువులో ఎందుకు పంపలేదమ్మా?" అని అడిగిందట. "మా అమ్మమ్మ అక్కర్లేదంది, నేను విన్నాను" అని ఉన్నమాట చెప్పిందట. స్కాలర్‌షిప్ రాదు. అవన్నీ పంచేశారు. నేల, నీళ్ళు పరీక్ష చేసే ప్రయోగశాలలో గాజు సామాను కడిగే పని ఉందని చెబితే ఒప్పుకుని వచ్చింది. వారానికి ఇరవై గంటలు. చదువుకోవాల్సిన ఇరవై గంటలు.

నీ సభ ఎప్పుడు? ఆ పట్టీ చదువుతావా?

ఎర్లీన్


ఆష్‌బర్న్
మే 4, 1998

అక్కా,

చదివాను.

సెయింట్ లూయిస్‌లో పెద్ద హోటల్, రెండు కాన్ఫరెన్సుల నుంచి అరవై మంది. కోడి మాంసం, చల్లారిన బంగాళాదుంపలు. నేను లేచి ఇరవై కాలేజీల పేర్లూ, శాతాలూ చదివాను. మా ముప్పై ఏడు దగ్గరికి రాగానే మా బల్ల వాళ్ళు చప్పట్లు కొట్టారు. "ఇంకో వరస ఉంది" అన్నాను. మా కాలేజీది ఒక్కటే నాకు తెలుసు కాబట్టి అదొక్కటే చదివాను. పిలిచినవాళ్ళలో ముందే కాదని తెలిసినవాళ్ళు నాలుగు వేల నూట పన్నెండు. వాళ్ళని తీసేసి లెక్కేస్తే మా శాతం యాభై దాటుతుంది. "మిగతా వాళ్ళు కూడా మీ వరస చెబితే బాగుంటుంది" అన్నాను.

ఎవరూ లేవలేదు. చివరికి ప్రెయిరీ వాళ్ళ బల్ల నుంచి ఒకాయన, "ఏం వెండెల్, మేమేదో చేయనట్టు!" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వడంతో అది అయిపోయింది. తర్వాత కేకు వచ్చింది.

నిన్ను ఏడిపించడానికి నేను రెండు గుంపులుగా విడదీసి పట్టీ వేశాను. ఆ నవ్వులో రెండు గుంపులూ లేవక్కా.

సోమవారం లాడ్ గారు నన్ను కింది అంతస్తులో పాత రికార్డుల గదికి మార్చారు. జీతం అదే, కిటికీ లేదు. "మీకు విశ్రాంతి కావాలి" అన్నారు.

జనెల్‌కి విడిగా క్షమాపణ రాశాను. ఈ కవర్లోనే ఉంది. ఇవ్వు.

వెండెల్


లిండ్‌హోమ్
మే 16, 1998

తమ్ముడూ,

ఇచ్చాను. వరండా మెట్ల మీద కూర్చుని చదివింది. మడిచి మళ్ళీ కవర్లో పెట్టింది. నేనే అడిగాను, "ఏమంటావే?" అని.

"మంచి ఉత్తరం" అంది. "మిగతావాళ్ళకి కూడా రాశాడా?"

"ఎవరికి?"

"నాలాంటివాళ్ళు ఇంకా నాలుగు వేల నూట ఇద్దరున్నారు కదమ్మమ్మా. నాకు తాత ఉన్నాడు కాబట్టి నాకు వచ్చింది."

చెప్పు, దానికేం చెప్పమంటావు? నీ తరఫున అబద్ధం చెప్పడం నా వల్ల కాదు.

వడగళ్ళు పడి పడమటి చేను పోయింది.

ఎర్లీన్


ఆష్‌బర్న్
జులై 11, 1998

అక్కా,

జవాబు ఆలస్యమైంది.

నన్ను తోసిన రికార్డుల గదిలోనే ఆ పెట్టెలన్నీ ఉన్నాయి, చిరునామాలతో సహా. జూన్ రెండో వారం నుంచి సాయంత్రం ఇంటికొచ్చి రోజుకి పదిహేను రాస్తున్నాను. కాలేజీ కాగితం కాదు, నా కాగితం, నా స్టాంపులు. "నిన్ను పిలిచేటప్పుడే నీకు చోటు లేదని మాకు తెలుసు. తక్కువైంది నువ్వు కాదు. మా అంకె కోసం నిన్ను వాడుకున్నాం. జాబితా వేసింది నేను." అంతే, నాలుగు ముక్కలు. నోలా కవర్ల మీద పేర్లు రాస్తోంది. ఇప్పటికి నాలుగు వందల ముప్పై అయ్యాయి.

లాడ్ గారికి తెలిసిపోయింది. ఆపమన్నారు. "చిరునామాలు కాలేజీవి" అన్నారు. "పోయినేడు వాడినప్పుడు కూడా కాలేజీవేనండీ" అన్నాను. బుధవారం నా సంగతి తేలుస్తారట. తేల్చుకోనీ. మిగతా చిరునామాలు ఇప్పటికే చేత్తో రాసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

జవాబులు వస్తున్నాయి. చాలామంది ఒక లైను రాశారు. ఒకడు నా ఉత్తరాన్నే రెండు ముక్కలు చేసి తిరిగి పంపాడు. నిన్న అయోవా నుంచి ఒక తల్లి ఆరు పేజీలు రాసింది. వాళ్ళ అమ్మాయి ఆ మార్చి నుంచి పుస్తకం ముట్టలేదట. మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా తిట్టింది. నోలా చదవలేక లేచి వెళ్ళిపోయింది. నేను పూర్తిగా చదివాను. అందులో ఎర్ర సిరా పెట్టాల్సిన తప్పు ఒక్కటీ లేదక్కా.

ఇవాళ్టి పదిహేనులో ఇంకా తొమ్మిది ఉన్నాయి.

వెండెల్